హెడ్జెస్ గిటార్‌లో స్వరం ఎక్కడ ఆగుతుంది: ‘ఏరియల్ బౌండరీస్’ నేర్పిన అనుభవంపై కేస్ స్టడీ

అమెరికన్ అకూస్టిక్ గిటారిస్టు మైకేల్ హెడ్జెస్ అనగానే గిటార్ నేర్చుకునే కుర్రవాళ్లకు ముందుగా గుర్తొచ్చేది ఆయన చేతుల విన్యాసం. ఎడమ చేయి మెడ పైనుంచి వచ్చి తీగలను తట్టడం, కుడి చేయి సౌండ్‌హోల్‌ను (పెట్టె మీది గుండ్రని రంధ్రాన్ని) వదిలి ఫ్రెట్‌బోర్డు (మెడ మీద ఫ్రెట్లనే అడ్డ లోహపు కమ్మీలున్న పలక) మీదికి రావడం, మామూలు శ్రుతికి పొంతన లేని ట్యూనింగులు, మధ్యమధ్య గిటార్ పెట్టె మీద పడే దెబ్బ: ఇవన్నీ కంటికి కనిపించేవి కాబట్టి వీడియోలు చూసి ఎవరికి వారు నేర్చుకోగలుగుతున్నారు. అలా నేర్చుకున్నవారు వాయిస్తున్నప్పుడు మాత్రం ఆయన రికార్డుల్లోని స్పష్టత రావడం లేదు. హైదరాబాదులో అకూస్టిక్ గిటార్ నేర్పే వృత్తిలో ఉన్నవాణ్ణి కనుక, ఈ తేడా ఎక్కడినుంచి వస్తున్నదో ఒక విద్యార్థి విషయంలో దగ్గరగా చూసే అవకాశం నాకు కలిగింది. దానికి కారణం, సరిచేయడానికి అనుసరించిన పద్ధతి, ఎంతవరకు ఫలితం వచ్చిందన్న సంగతి ఇక్కడ నమోదు చేస్తున్నాను. నా నిర్ధారణను ముందే చెబుతాను: హెడ్జెస్ శైలి అంతా స్వరాన్ని ఎప్పుడు, ఏ వేలితో ఆపుతున్నారన్న దానిమీద నిలబడి ఉంది, తట్టడం దాని తర్వాతి సంగతి.

విద్యార్థి, అతని సమస్య

ఇతను ఇంజనీరింగ్ చదువుతున్న యువకుడు. చిన్నప్పుడు కొన్నేళ్లు మృదంగం నేర్చుకున్నాడు, కచేరీల దాకా వెళ్లలేదు గానీ తాళజ్ఞానం గట్టిది. గిటార్ మాత్రం పూర్తిగా ఇంటర్నెట్ చూసి నేర్చుకున్నదే. 2006లో యూట్యూబ్ ద్వారా ప్రపంచమంతా చూసిన అమెరికన్ గిటారిస్టు ఆండీ మెక్కీ ‘డ్రిఫ్టింగ్’ వీడియోతో మొదలుపెట్టి, మెక్కీకి స్ఫూర్తినిచ్చినవారు ఎవరా అని వెనక్కి వెళ్తూ హెడ్జెస్ దగ్గరికి చేరుకున్నాడు. 1984లో వచ్చిన ‘ఏరియల్ బౌండరీస్’ ఆల్బమ్‌లోని అదే పేరు గల తొలి రచనను వాయించాలన్నది అతని కోరిక. నా దగ్గరికి వచ్చేనాటికే అందులో చాలా భాగం చేతికి వచ్చి ఉంది. వేళ్లు సరైన ఫ్రెట్ల మీదే పడుతున్నాయి, వేగమూ తక్కువేమీ లేదు.

అయినా వినడానికి కూర్చుంటే నాలుగైదు ఆవర్తాలు తిరిగేసరికి అంతా ఒకే హోరుగా మారిపోయేది. కింది తీగల గుంయ్‌మనే శబ్దం పై తీగల మీది స్వరాలను కప్పేసేది. ఆ హోరులోంచి తన స్వరాలను పైకి వినిపించాలని అతను ఇంకా గట్టిగా తట్టేవాడు, గట్టిగా తట్టినకొద్దీ లయ పరుగెత్తేది. వాయించినదాన్ని ఫోన్‌లో రికార్డు చేసి, హెడ్జెస్ రికార్డును పక్కన పెట్టి ఇద్దరం ఒకదాని తర్వాత ఒకటి విన్నాం. అతను తన తేడాను వెంటనే పట్టుకున్నాడు. “సార్, ఆయన వాయిస్తుంటే మధ్యలో ఖాళీ వినిపిస్తోంది, నాది ఎక్కడా ఆగడం లేదు” అన్నాడు. చికిత్స మొత్తం ఆ మాటను పట్టుకునే నడిచింది.

హెడ్జెస్ ఏ దారిన వచ్చారు

ఈ శైలిని బోధించేవారు ఆయన చదువు సంగతి విద్యార్థికి తప్పక చెప్పాలని నా అభిప్రాయం, ఎందుకంటే అది తెలియకపోతే ఇదంతా గిటార్ విద్యల ప్రదర్శనగానే కనిపిస్తుంది. కాలిఫోర్నియాలోని శాక్రమెంటోలో 1953 డిసెంబరు 31న పుట్టిన హెడ్జెస్ ఓక్లహోమాలోని ఈనిడ్ పట్టణంలో పెరిగారు. అక్కడి ఫిలిప్స్ విశ్వవిద్యాలయంలో సంగీతం చదివి, ఆపైన బాల్టిమోర్‌లోని పీబాడీ కన్సర్వేటరీలో కంపోజిషన్ ప్రధాన విషయంగా పట్టా తీసుకున్నారు. బీటిల్స్, జోనీ మిచెల్, లియో కాట్కీ, జాన్ మార్టిన్‌ల పాటలతో పాటు స్ట్రావిన్‌స్కీ, వెబెర్న్, వరేజ్, స్టీవ్ రైక్, మోర్టన్ ఫెల్డ్‌మన్ వంటి ఇరవయ్యో శతాబ్దపు స్వరకర్తల రచనలూ ఆయన మీద పనిచేశాయి. తనను గిటారిస్టుగా కన్నా గిటార్ వాయించే స్వరకర్తగా చూసుకున్న మనిషి ఆయన. వెబెర్న్, ఫెల్డ్‌మన్‌ల సంగీతంలో మౌనానికి స్వరంతో సమానమైన స్థానం ఉంటుంది. రైక్ సంగీతంలో చిన్న చిన్న పదబంధాలు పదేపదే తిరుగుతూ ఒకదానిమీద ఒకటి పేరుకుంటాయి. ‘ఏరియల్ బౌండరీస్’ను ఈ రెండు సంగతులు తెలిసిన చెవితో వింటే దాని నిర్మాణం వేరుగా వినిపిస్తుంది.

1980లో ఎలక్ట్రానిక్ సంగీతం చదవాలని స్టాన్‌ఫర్డ్ వైపు వచ్చిన ఆయన పాలో ఆల్టోలో వాయిస్తుండగా విండమ్ హిల్ రికార్డ్స్ స్థాపకుడు విలియం ఆకర్మన్ విని ఒప్పందం చేసుకున్నారు. 1981లో తొలి ఆల్బమ్ ‘బ్రేక్‌ఫాస్ట్ ఇన్ ద ఫీల్డ్’ వచ్చింది. ఆ కంపెనీ రికార్డులను దుకాణాల్లో ‘న్యూ ఏజ్’ (మనసుకు ప్రశాంతతనిచ్చే మెత్తని సంగీతం) అన్న అరలో పెట్టేవారు కాబట్టి ఆయన పేరు కూడా అక్కడే నిలిచిపోయింది. తన సంగీతానికి ‘వయొలెంట్ అకూస్టిక్’, ‘హెవీ మెంటల్’ వంటి పేర్లు ఆయనే పెట్టుకుని చెప్పేవారు, న్యాయంగా చూస్తే అవే దగ్గరగా ఉన్నాయి. 1987 నాటి ‘లైవ్ ఆన్ ద డబుల్ ప్లానెట్’లో ‘ఆల్ ఎలాంగ్ ద వాచ్‌టవర్’, ‘కమ్ టుగెదర్’ పాటలను ఒక్క గిటార్‌తో పాడుతూ వాయించిన తీరు వింటే అది రాక్ సంగీతమే అన్న విషయంలో ఎవరికీ అనుమానం రాదు. రాక్‌లో రెండో, నాలుగో దెబ్బ మీద పడే స్నేర్ డ్రమ్ పాటను నిలబెడుతుంది. హెడ్జెస్ దగ్గర డ్రమ్మర్ లేడు. మోగుతున్న కార్డ్‌ను (కలిపి పలికించిన స్వరాల గుంపును) అరచేతితో తీగల మీద కొట్టి హఠాత్తుగా తెంచేసినప్పుడు ఆ తెగిన చోటే స్నేర్ పడినట్టు నా చెవికి వినిపిస్తుంది. అంటే ఆయన రాక్ లక్షణం కూడా ఆపడంలోంచే పుడుతోంది.

శ్రుతి, తీగలు

మామూలు గిటార్ ట్యూనింగ్ ఆరో తీగనుంచి మొదటి తీగ వరకు ఇ, ఏ, డి, జి, బి, ఇ. ఈ రచనకు ఆయన వాడింది సి, సి, డి, జి, ఏ, డి. ఆరో తీగ నాలుగు అర్ధస్వరాలు దిగుతుంది, అయిదో తీగ మూడు అర్ధస్వరాలు ఎక్కి ఆరోదానికి సరిగ్గా ఒక స్థాయి పైన నిలుస్తుంది, చివరి రెండు తీగలు చెరి రెండు అర్ధస్వరాలు దిగుతాయి. సి షడ్జమం అనుకుంటే ఖాళీ తీగలు వరుసగా స, స, రి, ప, ద, రి పలుకుతాయి. చతుశ్రుతి రిషభం, చతుశ్రుతి ధైవతం ఉన్నాయి కనుక మోహనంలో అంతర గాంధారం ఒక్కటి తీసేసినట్టు ఉంటుంది. ఈ మాట చెప్పగానే మా విద్యార్థికి ట్యూనింగ్ మొత్తం ఒక్కసారిగా అర్థమైంది. పాశ్చాత్య సంగీతంలో కార్డ్ మేజరా మైనరా అని తేల్చేది ఆ గాంధారమే కాబట్టి, అది లేనిచోట సంగీతం ఏ వైపైనా మొగ్గగలదు. హెడ్జెస్ ఆ స్వేచ్ఛను చివరిదాకా వాడుకున్నారు.

ఇక్కడ ఒక పరికర సమస్య ఉంది, దీన్ని తేలిగ్గా తీసుకోకూడదు. తీగ బిగువు దాని పౌనఃపున్యం వర్గానికి అనులోమంగా మారుతుంది. ఆరో తీగ సుమారు 82 హెర్ట్జ్‌నుంచి 65 హెర్ట్జ్‌కు దిగినప్పుడు బిగువులో మూడోవంతుకు పైగా పోతుంది. అయిదో తీగ 110నుంచి 131కి ఎక్కినప్పుడు బిగువు దాదాపు 41 శాతం పెరుగుతుంది. మామూలు లైట్ సెట్ వేసుకుని అలాగే శ్రుతి చేస్తే ఆరో తీగ ఫ్రెట్ల మీద చిటపటలాడుతుంది, అయిదో తీగ బిర్రబిగుసుకుని తట్టినా లొంగదు, ఒక్కోసారి తెగుతుంది కూడా. మా విద్యార్థి గిటార్ సరిగ్గా ఈ స్థితిలోనే ఉంది. 42 గేజ్ (అంగుళంలో వెయ్యోవంతుల్లో చెప్పే తీగ మందం) ఉన్న అయిదో తీగను తీసి 36 వేయించాను, దాంతో బిగువు ఇంచుమించు మామూలు స్థితికి వచ్చింది. ఆరోదానికి 53 బదులు 59 వేశాం, పూర్తి బిగువు రాకపోయినా చిటపట తగ్గింది. ఆ మార్పుతోనే అతను తట్టే బలం సగానికి తగ్గించుకోగలిగాడు. చెయ్యి సరిగా లేదని విద్యార్థిని కసిరే ముందు తీగలు సరిగా ఉన్నాయో లేదో చూడాల్సిన బాధ్యత బోధకుడిది.

హోరు ఎక్కడినుంచి వస్తోంది

ఆరో తీగను ఎప్పుడు ఆపాలో చెప్పి, కుడి బొటనవేలి అంచును దానిమీద ఆనించి ఆపడం నేర్పాను. అతను సరిగ్గానే ఆపాడు. అయినా హోరు పోలేదు. కారణం ట్యూనింగ్‌లోనే ఉంది. 65.4 హెర్ట్జ్‌లో కంపించే ఆరో తీగలో మూలస్వరంతో పాటు దాని రెట్టింపు, మూడింతలు కూడా ఉంటాయి. రెట్టింపు 130.8, అది అయిదో తీగ స్వరం. మూడింతలు 196.2, అది మూడో తీగ జి స్వరానికి అచ్చంగా సరిపోతుంది. కనుక ఆరో తీగను మీటిన ప్రతిసారీ ఎవరూ ముట్టుకోకుండానే అయిదు, మూడు తీగలు మోగడం మొదలుపెడతాయి. అదే విధంగా నాలుగో తీగ డి, మొదటి తీగ డి ఒకదాన్నొకటి లేపుతాయి. ఈ ట్యూనింగ్‌కు ఉన్న నిండుదనమంతా ఈ ప్రతిస్పందనవల్లే వస్తుంది, దానివల్లే మురికి కూడా పేరుకుంటుంది.

ఇది ఎవరైనా చేసి చూడవచ్చు. ఈ ట్యూనింగ్‌లో ఆరో తీగను ఒకసారి గట్టిగా మీటి, రెండు క్షణాల తర్వాత దాన్ని మాత్రమే ఆపాలి. గదిలో ఫ్యాన్ కూడా లేకపోతే, ఆపిన తర్వాత ఒక స్థాయి పైన సన్నగా షడ్జమం మిగిలి ఉండటం వినిపిస్తుంది. అప్పుడు అయిదో తీగ మీద వేలు ఆనిస్తే అది పోయి, ఇంకా పైన పంచమం ఒక్కటే మిగులుతుంది. మూడో తీగ మీద వేలు పెట్టినప్పుడు గానీ నిజమైన మౌనం రాదు. మా విద్యార్థి ఇది విన్నాక చాలాసేపు మళ్లీ మళ్లీ చేసి చూసుకున్నాడు. ఒక స్వరాన్ని ఆపాలంటే మూడు తీగలను ఆపాలన్న సంగతి ఏ టాబ్‌లోనూ (ఏ తీగను ఏ ఫ్రెట్ దగ్గర నొక్కాలో అంకెల్లో చూపే గిటార్ లిపిలో) రాసి ఉండదు.

ఎడమ చేత్తో ఆపేటప్పుడు మరో చిక్కు వస్తుంది. ఖాళీ తీగ మీద ఒకే వేలును తేలిగ్గా ఆనిస్తే, ఆ చోటు అయిదో ఫ్రెట్టో ఏడో ఫ్రెట్టో పన్నెండో ఫ్రెట్టో అయినప్పుడు స్వరం ఆగడానికి బదులు హార్మోనిక్‌గా (గంటలా పలికే పై స్వరంగా) మారి ఇంకా పైకి వినిపిస్తుంది. చెయ్యి అక్కడే ఉండటం తప్పనిసరి అయినచోట పక్కపక్కనే రెండు వేళ్లు ఆనించాలి, అప్పుడే కంపనం చస్తుంది. తట్టి పలికించిన స్వరాల విషయంలో కూడా జాగ్రత్త అవసరం. ఫ్రెట్ మీద వేలితో తట్టినప్పుడు బ్రిడ్జి (పెట్టె మీద తీగలు బిగించిన చోటు) వైపు ఉన్న భాగమే కాక, వేలికీ నట్‌కూ (మెడ చివర తీగలు ఆనే పట్టీకీ) మధ్య ఉన్న ముక్క కూడా సన్నగా మోగుతుంది, దాని శ్రుతికీ మనకు కావలసిన శ్రుతికీ సంబంధం ఉండదు. ఆ ముక్కను ఖాళీగా ఉన్న ఎడమ వేలితో మూయాలి. హెడ్జెస్ వీడియోల్లో పనిలేకుండా తీగల మీద వాలి ఉన్నట్టు కనిపించే వేళ్లను గమనించమని నేను విద్యార్థులకు చెబుతాను, పనిచేస్తున్నవి అవే.

మూసిన దెబ్బ, తెరిచిన దెబ్బ

ఇంటర్నెట్‌లో దొరికే టాబ్‌లలో ఎక్కువ భాగం ఏ తీగ, ఏ ఫ్రెట్ అన్నంతవరకే చెబుతాయి, స్వరం ఎంతసేపు నిలవాలో చెప్పవు. హెడ్జెస్‌తో కలిసి పనిచేసి ఆయన రచనలను కాగితం మీద పెట్టిన జాన్ స్ట్రోప్స్ లిపిలో స్వరాల నిడివికి ఇచ్చిన ప్రాధాన్యం చూస్తే, ఆ సంగీతాన్ని దగ్గరగా చూసినవారు దేనికి విలువనిచ్చారో తెలుస్తుంది. మా విద్యార్థికి పాశ్చాత్య స్వరలిపి రాదు. దాన్ని ముందు నేర్పి ఆ తర్వాత ఇటు రావాలంటే చాలా కాలం పడుతుంది, ఆసక్తి కూడా చల్లారుతుంది. అందుకే అతనికి వచ్చిన భాషనే వాడుకున్నాం. మృదంగంలో త, ది అన్నవి మూసిన దెబ్బలు, తోం, నం అన్నవి మోగే దెబ్బలు. రచనలోని ఒక్కో పదబంధాన్ని తీసుకుని, ప్రతి తీగకూ అది మోగాల్సిన చోట తోం అనీ నం అనీ, మూయాల్సిన చోట త అనీ ది అనీ రాసుకుని, గిటార్ ముట్టుకోకుండా ముందు నోటితో చెప్పించాను. నోటితో చెప్పినప్పుడు అతని లయ ఒక్కసారి కూడా పరుగెత్తలేదు. దీన్నిబట్టి లోపం తాళంలో లేదనీ, మూయాల్సిన క్షణం అతని మనసులో ఇంతవరకూ ఒక దెబ్బగా నమోదు కాలేదనీ తేలింది.

ఆ తర్వాత రెండు తీగలతోనే సాధన. ఆరో తీగను సమం మీద మీటి, మూడో అక్షరం మీద ఆపాలి. అదే మూడో అక్షరం మీద మొదటి తీగ మోగాలి. ఆపడం, మోగించడం ఒకే క్షణంలో జరగాలి, ఒకటి ముందు ఒకటి వెనక కాకూడదు. ఇది చెప్పడానికి చిన్న పనే గానీ ఇక్కడే అతను అన్నిటికన్నా ఎక్కువ కష్టపడ్డాడు, ఎందుకంటే కుడి చేతిలో చూపుడువేలు తీగను లాగుతున్న క్షణంలో బొటనవేలు మరో తీగ మీదికి దిగాలి, ఆ దిగడంలో శబ్దం రాకూడదు. వేగం బాగా తగ్గించి, మెట్రోనోమ్ (లయను టిక్కుటిక్కున చూపే యంత్రం) దెబ్బను మాత్రమే వింటూ చేయించాను. రెండు తీగలు కుదిరాక మూడోది, ఆ తర్వాత ఎడమ చేతి హ్యామర్-ఆన్, పుల్-ఆఫ్‌లు (ఎడమ వేలిని తీగ మీద కొట్టి, లేదా తీగను లాగి వదిలి స్వరం పలికించడాలు), చివరికి కుడి చేతి తట్టు కలిపాం. మొదట అతను దేన్ని శైలి అనుకుని వచ్చాడో అది అన్నిటికన్నా ఆఖరున వచ్చి చేరింది.

హార్మోనిక్స్ కొట్టడం మాత్రం త్వరగానే సరిపోయింది. పన్నెండో ఫ్రెట్ లోహపు కమ్మీకి సరిగ్గా పైన వేలితో కొట్టి వెంటనే పైకి లేచిపోవాలి. అతను రెండు ఫ్రెట్ల మధ్య, మామూలుగా వేలు పెట్టే చోట కొడుతున్నాడు. చోటు మార్చగానే గంట మోగినట్టు పలికింది.

ఒక పక్కమాట. మన పాలకొల్లు నుంచి వెళ్లిన మాండొలిన్ శ్రీనివాస్‌కు ఎదురైన సమస్య దీనికి సరిగ్గా తిరగబడి ఉంటుంది. మాండొలిన్ స్వరం మీటగానే ఆరిపోతుంది, కర్ణాటక సంగీతానికి కావలసిన గమకం నిలవాలంటే నాదం సాగాలి. అందుకే ఆయన ఎలక్ట్రిక్ మాండొలిన్ పట్టుకున్నారు, జంట తీగలు మాని అయిదు ఒంటి తీగలు వాడారు. హెడ్జెస్‌కు తీగ అవసరానికి మించి సాగింది, శ్రీనివాస్‌కు సాగలేదు. వాద్యం స్వభావంలో నాదం ఎంతసేపు నిలుస్తుందన్న ప్రశ్ననుంచే ఇద్దరి శైలులూ పుట్టాయని నేను నమ్ముతాను, విద్యార్థులకు ఇద్దరినీ కలిపి వినిపిస్తాను.

వేదిక మీద

గదిలో సరిపోయినది వేదిక మీద సరిపోతుందన్న హామీ లేదు. హెడ్జెస్ 1971 నాటి తన మార్టిన్ డి-28 మీద తీగల కంపనాన్ని అందుకునే సన్‌రైజ్ మాగ్నెటిక్ పికప్‌ను, పెట్టె కంపనాన్ని అందుకునే ఫ్రాప్ కాంటాక్ట్ పికప్‌ను కలిపి వాడేవారు. మొదటిది మంద్రానికి బలాన్నిచ్చేది, రెండోది చేతి స్పర్శను పట్టుకునేది. మా విద్యార్థి గిటార్‌లో ఉన్నది శాడిల్ (బ్రిడ్జి మీద తీగలు ఆనే పట్టీ) కింద ఒక్క పీజో పికప్ (ఒత్తిడిని విద్యుత్ సంకేతంగా మార్చేది). తట్టిన స్వరం మీటిన స్వరం కన్నా చాలా బలహీనంగా ఉంటుంది కనుక సౌండ్ చూసేవారు అలవాటుగా కంప్రెసర్ పెడతారు. కంప్రెసర్ పెద్ద శబ్దాన్ని తగ్గించి చిన్న శబ్దాన్ని పైకి లేపుతుంది. ఆపకుండా వదిలేసిన తీగల సన్నని హోరు కూడా చిన్న శబ్దమే కాబట్టి దాన్నీ పైకి లేపుతుంది. పైగా ఇంత పెద్ద అకూస్టిక్ గిటార్ పెట్టెలోని గాలి సుమారు 100 హెర్ట్జ్ ప్రాంతంలో సహజంగా మోగుతుంది, ఫీడ్‌బ్యాక్ (స్పీకర్ల శబ్దం తిరిగి గిటార్‌లో చేరి వచ్చే ఊళ) ముందుగా వచ్చేది అక్కడే.

కాలేజీలో జరిగిన ఒక కార్యక్రమంలో అతను ఈ రచన వాయించాడు. కంప్రెసర్‌ను చాలా తక్కువలో ఉంచమని, 100 హెర్ట్జ్ దగ్గర కొంచెం కోత పెట్టమని ముందే అడిగాం, సౌండ్‌హోల్‌కు రబ్బరు మూత బిగించాం. ఫీడ్‌బ్యాక్ రాలేదు. మొదటి సగం శుభ్రంగా నడిచింది, మంద్రం ఆగిన చోట్ల పై స్వరాలు వెనక వరసల దాకా విడివిడిగా వినిపించాయి. రెండో సగంలో ఉత్సాహం పెరిగి లయ కొంత ముందుకు జరిగింది, దానితో పాటు మూసే దెబ్బలు కొన్ని జారిపోయాయి. రికార్డు వేగానికి అతను ఇంకా చేరలేదు. ఆ వేగంలో వాయిస్తే ఇప్పటికీ మూడో తీగ మూత తప్పుతోంది. నేనైతే తొందరపెట్టడం లేదు. ఇప్పుడున్న వేగంలోనే రచనకు రూపం వచ్చింది, అది చెదరకుండా ఉన్నంత మేరకే మెట్రోనోమ్‌ను పెంచుతున్నాం.

హెడ్జెస్ 1997 డిసెంబరులో ఉత్తర కాలిఫోర్నియాలోని మెండొసినో కౌంటీలో జరిగిన కారు ప్రమాదంలో 43 ఏళ్ల వయసులో మరణించారు. అంతకు ముందు ఏడు వచ్చిన ‘ఒరాకిల్’కు 1998లో గ్రామీ లభించింది, అదీ న్యూ ఏజ్ విభాగంలోనే. మా విద్యార్థి తర్వాత నేర్చుకోవాలనుకుంటున్నది ‘బికాజ్ ఇట్స్ దేర్’. అది హార్ప్ గిటార్ రచన. హార్ప్ గిటార్‌లో మామూలు మెడకు పైన ఒక కొమ్ము మీద అదనపు మంద్ర తీగలు ఉంటాయి. వాటికి ఫ్రెట్లు ఉండవు, ఎడమ చేయి వాటిదాకా పోదు, ఆపడమంతా కుడి చేతిమీదే పడుతుంది. ఆ వాద్యం మన దగ్గర దొరకడం కష్టం కనుక, మంద్ర తీగల పనిని మామూలు గిటార్ మీదికి ఎలా దించాలో ప్రస్తుతం ఇద్దరం కలిసి రాసుకుంటున్నాం. అందులోనూ ముందుగా నిర్ణయిస్తున్నది ఏ మంద్ర స్వరం ఎక్కడ ఆగాలన్నదే.